సాంబారులో ఇంగువ ఉందా?

మడివాళలో నేత్రావతి మెస్‌కి ఒక ఆదివారం మధ్యాహ్నం హరిణి వచ్చి, కూర్చోకుండానే సాంబారులో ఏ ఇంగువ వేస్తారని అడిగింది. ఇంగువ డబ్బా చూపించమంది. గరిటెలు వేరువేరుగా ఉన్నాయా అనీ అడిగింది.

నేత్రావతి కొడుకు శశిధర్ బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. ఆదివారాలు అమ్మకు వడ్డనలో సాయం చేస్తాడు. ప్రశ్నలు వినగానే వచ్చింది ఫుడ్ ఇన్‌స్పెక్టరేనని తేల్చుకున్నాడు. గబగబా తలకు టోపీ పెట్టుకుని, లైసెన్సు ఫ్రేముతో సహా గోడ మీంచి దింపి తెచ్చాడు.

"అయ్యో, నేను తినడానికి వచ్చానండి. నాకు సీలియాక్. గోధుమ పడదు" అంది హరిణి.

ఇంగువలో గోధుమ ఎందుకుంటుందని నవ్వుతూ డబ్బా తిప్పి చదివాడు శశిధర్. గోధుమపిండి అని రాసి ఉంది. నవ్వు ఆగిపోయింది. ఆ రోజు హరిణి ఉత్త అన్నం, పెరుగు తిని వెళ్లింది.

మరుసటి ఆదివారానికి ఆమె కోసం కొత్త బాణలి, కొత్త గరిటె, ఇంగువ లేని చారు సిద్ధమయ్యాయి. ఆమె వారం వారం రాసాగింది. ఐదో వారం తన సంగతి చెప్పింది. గోధుమ కాస్త లోపలికెళ్లినా, ఒంటిని కాపాడాల్సిన సైన్యమే పేగుల మీద పడుతుందట. నిరుడు ఆ సైన్యం థైరాయిడ్ మీదా పడింది. దాంతో తిండంటే భయం, మనుషులంటే బెరుకు, కారణం లేని ఏడుపు. ఆఫీసులో లంచ్ పార్టీలన్నీ మానేసింది. వారానికి ఒక్కపూటైనా నలుగురిలో కూర్చుని తినమని కౌన్సెలర్ హోంవర్క్ ఇచ్చిందట.

"అంటే నేను మీ హోంవర్కా?" అన్నాడు శశిధర్.

హరిణి పొలమారేంత నవ్వింది. ఆ నవ్వుకు అతని పని అయిపోయింది.

ఆ సంతోషంలోనే తప్పు చేశాడు. రాగుల్లో గోధుమ ఉండదు కదా అని మరుసటి ఆదివారం ఆమెకు రాగిముద్ద పెట్టాడు. తర్వాత రెండు ఆదివారాలు హరిణి రాలేదు. మెసేజ్‌లకు జవాబు లేదు. అనుమానమొచ్చి పిండిమిల్లుకు వెళ్లి చూస్తే, గోధుమలు పట్టే మరలోనే రాగులూ పడుతున్నారు.

మూడో ఆదివారం పొద్దున్నే అమ్మను ఆటోలో ఎక్కించుకుని హరిణి ఉండే పీజీ హాస్టల్‌కి వెళ్లాడు. కబురందుకుని ఆమె గేటు దగ్గరికి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"తప్పు నాదే. మిల్లులో అడగాల్సింది, అడగలేదు" అన్నాడు.

"కడుపునొప్పి మూడు రోజుల్లో తగ్గింది శశీ. భయం తగ్గలేదు. గది దాటలేకపోయాను. రేపు తగ్గినా మళ్లీ రావచ్చు. నన్ను బాగుచేసేద్దామని మాత్రం అనుకోకు."

"బాగుచేసేది డాక్టర్ల పని. నా సంగతి వేరే. నువ్వు రాని రెండు వారాలూ నాకు మా అమ్మ చారు కూడా పడలేదు. నాకూ సీలియాక్ వచ్చిందేమో అని టెస్టుకు పోదామనుకుంటాండా."

ఆమె పెదవి చివర కాస్త కదిలింది. కానీ ఇవాళ ఏమీ తినలేనని మెల్లగా చెప్పింది.

ఆటోలోంచి నేత్రావతి తల బయటపెట్టింది. "తినకుంటే ఏమమ్మా, వచ్చి ఊరికే కూర్చో. తినేవాళ్లు ఊరంతా ఉండారు."

హరిణి చెప్పులు మార్చుకుని వచ్చి ఆటో ఎక్కింది.

మధ్యాహ్నమంతా మెస్‌లో కిటికీ పక్కన కూర్చుంది. బయట వాన పట్టుకుంది. మెస్ నిండిపోయింది. శశిధర్ చారు వడ్డిస్తూ దగ్గరికి వచ్చినప్పుడు మామూలుగా అంది.

"భోజనం వచ్చే ఆదివారం చేస్తాను. ఇవాళ నువ్వంటే ఇష్టమని చెప్పడానికే వచ్చాను."

గరిటెడు చారు పక్కనున్న పెద్దాయన మజ్జిగ గ్లాసులో పడింది. ఆయన తలెత్తి శశిధర్‌ను చూశాడు, హరిణిని చూశాడు, గ్లాసు పక్కకు జరిపాడు.

"ఏమనుకోవద్దప్పా, ఈ పూట మావాడు పనికిరాడు" అని నేత్రావతే ఇంకో గ్లాసు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.