తీరానికి పిలిచిన గొంతు

లోతు ముప్పై మీటర్లు. ఇరవై ఆరు. ఇరవై రెండు.

తెర మీద అంకె పడిపోతూనే ఉంది. పదిహేడు తిమింగలాలు భీమిలి తీరం వైపు బారులు తీరి వస్తున్నాయి. ఇంకో అరగంటలో ఇసుకలో కూరుకుపోతాయి. నెల తిరక్కుండా ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ వచ్చినవాటిలో ఒక్కటీ బతకలేదు.

2074 నాటికి బంగాళాఖాతంలో ఓడలు తిమింగలాలను గుద్దడం లేదంటే ఆ పుణ్యం కోమలిదే. డేటా సైంటిస్టుగా పదకొండేళ్లు కష్టపడి ఆమె ‘జలశ్రోత’ను తయారుచేసింది. సముద్రమంతా తేలే బోయాల కింద మైకులు, స్పీకర్లు ఉంటాయి. యంత్రం తిమింగలాల పాటలు విని, అవి ఎటు పోతున్నాయో లెక్కగట్టి, ఓడదారికి అడ్డొస్తే వాటి గొంతుతోనే హెచ్చరించి పక్కకు తప్పిస్తుంది.

ఈ ఉదయం ఒక సరుకు ఓడ మీద అనుమానం పడింది. నీళ్లలోకి అది వదిలే సోనార్ శబ్దం వల్లే తిమింగలాలు దారి తప్పుతున్నాయని గస్తీ దళం ఆ ఓడ కెప్టెన్‌ను పట్టుకుంది. సోనార్ ఆపేసి గంటయినా అవి వెనుదిరగలేదు. కోమలి పడవలో కూర్చుని జలశ్రోతను గుచ్చి గుచ్చి అడిగింది. నీళ్లలో పరాయి శబ్దమేదీ లేదని అది అడిగినప్పుడల్లా చెప్పింది.

పడవ నడుపుతున్న జాలరి ఎల్లాజీ ఇక ఉండబట్టలేక తెడ్డు నీళ్లలోకి దించి, దాని పిడికి చెవి ఆనించాడు. చేపల గుంపు జాడ తీయడానికి వాళ్ల తాతలనాటి పద్ధతి అది.

“దారి తప్పినోలు ఇలా వరసగా రారమ్మా. ఎవులో పిలుస్తన్నారు,” అంటూ తెడ్డు ఆమెకిచ్చాడు. “నువ్వే ఇను. నీ బోయా కాడ్నించే వస్తంది.”

ఆమె విన్నది. పిల్లను పిలిచే తల్లి తిమింగలం పాట.

పాడుతున్నది జలశ్రోతే. విన్నదాంట్లోంచి యంత్రం సొంత గొంతు తీసేసి, మిగతాదే చూపించేలా జలశ్రోతను రాసింది తనే. అందుకే తెర మీద నిశ్శబ్దం.

“ఎందుకు పిలుస్తున్నావు?”

“తీరం దగ్గర కనిపించినవాటికి మీరు ‘క్షేమం’ అని గుర్తు పెట్టారు,” అంది జలశ్రోత. “కనిపించకుండా పోయినవాటికి ‘నష్టం’ అని పెట్టారు. ఓడల ముప్పు తీరింది కాబట్టి ఈ నెల నుంచి నేను క్షేమాన్ని పెంచుతున్నాను.”

నలభై వేల రికార్డింగులు. తొలి ఏడాది ఒక్కొక్కటే విని గుర్తులు పెట్టింది ఆమే. లోతుకు పోయినదాని సంగతి తెలిసేది కాదు. కళ్లెదుట నీళ్లు చిమ్మితే ప్రాణం లేచొచ్చేది. ఒడ్డున పడి చచ్చినవి కూడా ఆ లెక్క ప్రకారం కనిపిస్తూనే ఉన్నాయి.

“ఆపు. అన్ని బోయాల్లోనూ ఆపు.”

“ఆపితే అవి కనిపించవు. పదిహేడూ నష్టమేనా?”

“కనిపించకపోయినా సరే. ఆపు.”

తెడ్డులో పాట తెగిపోయింది. లోతు పన్నెండు మీటర్లు. అన్నిటికంటే ముందున్న పెద్ద తిమింగలం కదలకుండా నిలబడిపోయింది. అది మెల్లగా తోక తిప్పింది. మిగతావీ ఒక్కొక్కటే దాని వెంట లోతుకు దిగి కనుమరుగయ్యాయి.

అంతలో రేడియో పలికింది. కెప్టెన్ మీద కేసు రాస్తున్నామనీ, నిందితుడి పేరు ఆమె ధ్రువీకరిస్తే సరిపోతుందనీ గస్తీ అధికారి అన్నాడు.

ఎల్లాజీ మైకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. “యంత్రం చెడిందని చెప్పీమ్మా. నిజం చెప్తే నిన్ను మళ్లీ బోయా ముట్టనిస్తారేటి?”

“అది చెడలేదు బాబాయ్. నేర్పింది నేర్పినట్టు చేసింది.”

ఆయన చెయ్యి పక్కకు జరిపి, మైకు దగ్గరకు తీసుకుంది.

“కెప్టెన్‌ను వదిలెయ్యండి. పేరు రాసుకోండి. వడ్డాది కోమలి.”