ఎవరికి వాళ్ళే ఎక్కాలి

ద్వీపం మధ్యనున్న ఆ మడుగు గురించి వినని వాళ్ళు లేరు. సముద్రం పగడపు గట్టు దాటి లోపలికొచ్చి, ఇక కదలనని మొండికేసినట్టుంటుంది. నెమలిమెడ రంగు నీళ్ళు. అడుగున ఉంగరం పడినా పడవలోంచి కనిపిస్తుంది. ఒడ్డున ఇసకేస్తే రాలనంత జనం. ఫోటో కోసం ఒకరి కాళ్ళు ఒకరు తొక్కడం, సారీ చెప్పడం, మళ్ళీ తొక్కడం.

మా పడవలో నేను, మా చెల్లి, పడవ నడిపే సరంగు. అంతే. జనం మధ్య ఈదడం మా చెల్లికి నామోషీ. మబ్బు పట్టి ఒడ్డు ఖాళీ అయి, మిగతా పడవలన్నీ వెళ్ళిపోయేదాకా మమ్మల్ని ఆపింది. తీరా దూకబోతుంటే సరంగు ఒక మాటన్నాడు.

"ఎక్కేటప్పుడు ఎవరికి వాళ్ళే ఎక్కాలమ్మా. నీళ్ళలోంచి ఎవరు చెయ్యి చాపినా పట్టుకోవద్దు. ఇక్కడ పడవలన్నిటికీ ఇదే పద్ధతి."

"ఎందుకని?" అన్నాను.

ఆయన నీళ్ళు నమిలాడు. "లోపలున్నవి తెలిసిన మొహంతోనే వస్తాయట. ఎక్కడం మాత్రం వాటికి చేతకాదట. మా తాతల నాటి మాట."

"మా అక్క మొహంతో వస్తే భయపడి చస్తా!" పకపకా నవ్వి దూకేసింది చెల్లి. దానికి నోరే బలం. ఈత అంతంతమాత్రం.

నాకు జలుబు, దిగలేదు. అంచున కూర్చుని దాన్నే చూస్తున్నాను. కాసేపటికి గాలి ఆగింది. పడవకు అల తగులుతున్న చప్పుడు కూడా ఆగింది. పాచి వాసన... దాని వెనక ఇంకేదో, మూతపెట్టి మరిచిపోయిన గిన్నె తెరిస్తే వచ్చే వాసన.

"అక్కా..."

పడవ పక్కనే చెల్లి. పెదాలు నీలంగా ఉన్నాయి.

"కాలు పట్టేసిందే. ఎక్కలేను. చెయ్యివ్వు."

ఆలోచించకుండా చెయ్యి చాపాను.

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?"

వెనక్కి తిరిగాను. అవతలి వైపు నిచ్చెన మీంచి చెల్లి ఎక్కుతోంది. చకచకా.

సరంగు మొహం పాలిపోయింది. "చెప్పానా... తోసెయ్యండి," అని గొణిగాడు.

నీళ్ళలో ఉన్నది అంచు పట్టుకుంది. వెక్కివెక్కి ఏడుస్తోంది.

"నేనేనక్కా... దాన్ని చూడకు. నన్ను చూడు."

ఆ వేళ్ళు నేనే విడదీశాను. ఒక్కొక్కటీ. గోళ్ళకు పొద్దున నేను పూసిన రంగే. చిటికెన వేలు ఎంతకీ వదల్లేదు... సరంగు తెడ్డుతో భుజం మీద పొడిచాడు. మునిగింది.

ఆ నీళ్ళు ఏదీ దాచవు. ఇసక దాకా చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోట్లోంచి బుడగలొచ్చాయి... తర్వాత రాలేదు.

అప్పుడు తట్టింది నాకు. దెయ్యానికి కాలెందుకు పట్టేస్తుంది?

దూకబోయాను. నిచ్చెనెక్కి వచ్చినదాని చల్లటి చెయ్యి మణికట్టు మీద పడింది. ఎంత గింజుకున్నా వదల్లేదు. "గండం గడిచిందమ్మా," అంటూ సరంగు ఇంజను వేశాడు.

పక్కనున్నది నా చెవి దగ్గరకొచ్చింది.

"అంత ఏడ్చినా చెయ్యివ్వలేదేం?"

మళ్ళీ చెయ్యి లాక్కోబోయాను. పట్టు బిగించింది.

"మంచిపనే చేశావులే. ఇచ్చుంటే నేనెక్కడ కూర్చునేదాన్ని?"

అమ్మ ఫోన్ చేసింది. నాకంటే ముందు అదే తీసింది. అదే గారం, అదే సాగదీత. అచ్చం మా చెల్లి గొంతే.

"అమ్మా, నీళ్ళు ఎంత బావున్నాయో! రేపు నిన్నూ తీసుకొస్తాం. ఈత రాకపోతే ఏంటి... అక్క ఉందిగా."