కళ్ళు మూసుకోకమ్మా!

రొసారియో పట్నంలో మనసు బాగోలేనివాళ్ళకు కౌన్సెలర్ నెలీదా పేరు బాగా తెలుసు. ఆవిడ సలహాలివ్వదు. ఎదురుగా కూర్చుని, "తొందర లేదు. కళ్ళు మూసుకుని ఊపిరిని గమనించండి. వచ్చే బాధను రానివ్వండి, తరమకండి" అంటుంది. ఆ మౌనంలోనే ఎంతోమంది మారారు. అయితే ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరికే అన్నారా!

ఆ ఉదయం నెలీదా వంటింట్లో, సొరబుర్రలో టీలా తాగే మాతే ఆకు మీద వేడినీళ్ళు పోసి కూతురు మికాయెలాకు అందించింది. ఆ పిల్ల గొట్టంతో ఒక్కసారి పీల్చి, "గ్రాసియాస్" అని థాంక్స్ చెబుతూ సొరబుర్రను తిరిగిచ్చేసింది. అలా అన్నవాళ్ళకు ఇక పొయ్యరు. రోజూ కెటిల్ ఖాళీ చేసే పిల్ల!

"ఏమైందే?"

"మెండోసా వెళ్తున్నా. ఇక అత్తయ్య దగ్గరే ఉంటా. తిరిగి రాను."

నెలీదా అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని నిండుగా ఊపిరి తీసుకుంది. "నీకు కోపంగా ఉన్నట్టుంది..."

"చాల్లే! నేను నీ పేషెంటుని కాదు. కళ్ళు మూసుకోకమ్మా, నన్ను చూడు! నాన్న పోయి ఏడాదవుతోంది. ఒక్కసారైనా ఏడ్చావా? నేను ఏడిస్తే 'గమనించు' అన్నావు. నాన్న పేరెత్తితే ఊపిరి పీల్చావు. ఈ ఇంట్లో నాన్న కోసం ఏడ్చేది నేనొక్కదాన్నేనా?"

బాధను తరమకండని అందరికీ చెబుతూ, నెలీదా తను మాత్రం ఆ ఊపిరినే గడియలా వేసుకుని బాధను గుమ్మం బయటే నిలబెట్టింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"నాకు మీ నాన్న మీద కోపమే" అంది. "గుండెల్లో నొప్పని నాకు చెప్పనేలేదు! ఊళ్ళోవాళ్ళ బాధలన్నీ వింటాను... నా మొగుడి బాధ వినలేకపోయాను." బల్ల మీద తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చింది.

మికాయెలా పక్కన చేరి తల్లి వీపు నిమిరింది. తనకూ కన్నీళ్ళు ఆగలేదు.

"వెళ్ళిపోకే" అంది నెలీదా.

"నువ్విలా నాతో ఏడిస్తే నేనెందుకెళ్తానమ్మా?"

వీధి తలుపు గంట మోగింది. పొద్దుటి పేషెంటు బెనీతెస్ గారు. నెలీదా కంగారుగా లేవబోయింది.

"నువ్వు కూర్చో" అని మికాయెలా వెళ్ళి తలుపు తీసింది. "కాసేపాగి రండి. మా అమ్మ ఏడుస్తోంది."

"అయ్యో! ఏమైందమ్మా?"

"ఏం కాలేదండీ" అంది మికాయెలా, ముక్కు తుడుచుకుని నవ్వుతూ. "ఇప్పుడే కాస్త నయంగా ఉంది."