మొండి లైను మీద రెండో మనిషి

ఆ స్టేషన్లో రైళ్లు వేళకు వచ్చేవి కావు గానీ, దెయ్యం మాత్రం ఏనాడూ ఆలస్యంగా రాలేదట.

యార్డు చివర, ప్రహరీగోడని ఆనుకుని ఒక మొండి లైను ఉండేది. అంటే ఎటూ పోని పట్టాలు... కొంతదూరం పోయి ఆగిపోతాయి. వాడుకలో లేని బోగీలని అక్కడికి తోసేవాళ్లు. ఒకప్పుడు అక్కడే ఒక షంటరు, అంటే బోగీలు కలిపేవాడు, ఇంజనుకీ బోగీకీ మధ్య దూరి కప్లింగ్ తగిలిస్తుంటే... అతను బయటికి రాకముందే ఇంజను కదిలింది. అప్పట్నుంచీ చీకటి పడితే ఆ మధ్యలోంచి మూలుగు వినబడుతుందని చెప్పుకునేవాళ్లు.

అవతల ప్లాట్‌ఫారాల మీద ఇసక వేస్తే రాలనంత జనం. వాళ్లలో ఒక్కరి జోలికీ పోకుండా, ఆ దెయ్యం కొత్తగా చేరిన షంటర్లనే పట్టుకునేది. ఎవరిని భయపెడితే అడిగేవాడు ఉండడో దెయ్యాలకి కూడా తెలుసు మరి.

ఇది మా బాబాయి చెప్పిన సంగతి. ఆయన అబద్ధాలాడడు. నిజానికి కాస్త తాలింపు పెడతాడు, అంతే.

అప్పటికి బాబాయి కొత్త షంటరు. అంతకుముందు చేరిన ఉద్యోగాలన్నీ చేరినంత వేగంగానే ఊడాయి. దీనికోసం మా నాన్న ఎవరెవరినో బతిమాలి, “ఇది కూడా ఊడిందో, మళ్లీ నా గడప తొక్కకు” అన్నాడు. బాబాయికి తొక్కడానికి వేరే గడప లేదు. యార్డు మేస్త్రి కూడా తనవంతు సాయం చేశాడు. “నీ వల్ల ఒక్క రైలు ఆలస్యమైనా, అదే రైలెక్కి ఇంటికెళ్లిపో” అన్నాడు.

ఆ రాత్రి ఎక్స్‌ప్రెస్ బయల్దేరబోతోంది. జనం ఎక్కువయ్యారని ఇంకో బోగీ తగిలించమన్నారు. ఆ బోగీ ఎక్కడుంటుంది? మొండి లైను మీదే.

“వెళ్లి తీసుకురా” అని చెప్పి, మేస్త్రి ఏదో పనున్నట్టు చీకట్లోకి వెళ్లిపోయాడు.

షంటింగ్ ఇంజను డ్రైవరుని అందరూ ‘జాగ్రత్త’ అని పిలిచేవాళ్లు. తుమ్మినా దగ్గినా ఆయన నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే. ఆయన ఇంజను కన్నా నత్త నయమని యార్డంతా నవ్వేవాళ్లు.

ఇంజను మెల్లగా వెళ్లి బోగీని ఆనుకుంది. బాబాయి చేతిదీపంతో వంగి మధ్యలోకి దూరాడు. లోపలంతా నూనె వాసన... ఉక్కపోత. కప్లింగ్ కొక్కేనికి తగిలించి, దాని మర తిప్పి బిగించాలి. ధీరుడు కదా — కళ్లు గట్టిగా మూసుకుని తిప్పడం మొదలుపెట్టాడు.

“హూ...” అని మూలుగు.

భయమేస్తే ఎవరైనా పరిగెడతారు. మా బాబాయి మర ఇంకా వేగంగా తిప్పాడు.

“ఒరేయ్...” అంది దెయ్యం, ఎవరో పీక పిసుకుతున్నట్టు. “ఆపరా... ఒరేయ్...”

బాబాయి పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క గెంతులో బయటపడి, కదలమని డ్రైవరుకి ఆకుపచ్చ దీపం ఊపాడు.

ఇంజను కదల్లేదు.

మళ్లీ ఊపాడు. లోపల్నుంచి “ఆపరా...” అని వినబడిన కొద్దీ ఇంకా గట్టిగా ఊపాడు. అవతల ఎక్స్‌ప్రెస్ గార్డు ఈల మీద ఈల వేస్తున్నాడు. బాబాయి ఇంజను దగ్గరికి పరిగెత్తాడు.

“అన్నా, కదిలించన్నా! నా ఉద్యోగం పోతుంది!”

డ్రైవరు కిటికీలోంచి వంగి గుసగుసగా అడిగాడు. “రెండోవాడేడీ?”

“రెండోవాడెవడు? నేనొక్కణ్ణే...”

“లోపలికి ఇద్దరు వెళ్లారు... బయటికి ఒక్కడివే వచ్చావు. వాడు కూడా వచ్చేదాకా చక్రం తిరగదు.”

బాబాయి బతిమాలాడు, తిట్టాడు. “నీ అంత పిరికివాణ్ణి చూళ్లేదు” అని కూడా అన్నాడు — అన్నదెవరో చూడండి! ఆయన బ్రేకు మీంచి చెయ్యి తియ్యలేదు. ఇక ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉద్యోగం నిలవాలంటే దెయ్యాన్ని బయటికి పిలుచుకురావాలి. బాబాయి ఏడుస్తూ వెళ్లాడు. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చానని తనే చెప్పాడు.

దీపం ముందుకు చాచి, ఈసారి కళ్లు తెరిచి చూశాడు.

తెల్లటి దుప్పటి... దాని ఒక కొస కప్లింగ్ మరలో చుట్టుకుపోయి ఉంది. రెండో కొస ఒక మెడకి ముడేసి ఉంది. ఆ మెడ మీద — యార్డు మేస్త్రి తలకాయ!

కళ్లు తేలేసి, నాలుక బయటపెట్టి, వేషానికి ఏ లోటూ లేకుండా ఉన్నాడు.

కొత్త షంటర్లని జడిపించడం మేస్త్రిగారి కాలక్షేపమట. ఇన్నాళ్ల మూలుగులూ ఆయనవే. ప్రయాణికులకిచ్చే దుప్పటి ఒకటి ఈ డ్యూటీకి కేటాయించుకున్నాడు కూడా. ఆ రాత్రి గోడవైపు నుంచి దూరి బోగీ కింద నక్కితే, దుప్పటి కొస వెళ్లి మర మీద పడింది. కళ్లు మూసుకున్న మా ధీరుడు దాన్ని కూడా కలిపి బిగించేశాడు. ఇంజను కాస్త కదిలినా మేస్త్రిని పట్టాల మీద ఈడ్చుకుపోయేది.

బాబాయి మర వదులు చేసి ఆయన్ని బయటికి లాగాడు. ఎక్స్‌ప్రెస్ ఆలస్యంగానే కదిలింది. కారణం అడిగిన పైవాళ్లతో మేస్త్రి, “కప్లింగ్‌లో గుడ్డపేలిక ఇరుక్కుంది సార్” అన్నాడు. పేలికలో ఏముందని ఎవరూ అడగలేదు. బాబాయి ఉద్యోగం ఊడకపోగా, త్వరలోనే పర్మనెంటు కూడా అయింది. ఇంత నమ్మకస్తుడు యార్డులో లేడని మేస్త్రే సిఫారసు చేశాడు.

మర్నాడు పొద్దున్నే బాబాయి వెళ్లి డ్రైవరు చేతులు పట్టుకున్నాడు.

“అన్నా, రాత్రి నోటికొచ్చినట్టు తిట్టాను... మేస్త్రి లోపలికి దూరడం నువ్వు చూడబట్టి సరిపోయింది. లేకపోతే ఒక మనిషిని చంపిన పాపం నా మెడకి చుట్టుకునేది.”

డ్రైవరు నవ్వలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“మేస్త్రి గోడవైపు నుంచి కదరా దూరింది... ఇంజన్లో నా సీటు ఇటువైపు. ఆ వైపు నాకు కనబడదు.”

“మరి... నువ్వు చూసిందెవర్ని?”

“నీ వెనకే వెళ్లాడు. నువ్వు వంగితే తనూ వంగాడు... నీ భుజం మీద చెయ్యేసి మరీ. వాడూ నేనూ ఒకే గదిలో ఉండేవాళ్లం, వాడి నడక నాకు తెలియదా? ఒకసారి వాడు బయటికి రాకముందే ఇంజను కదిలిందిరా... మళ్లీ కదిలిస్తానా?”