ఎడమ పెట్టెలో గొంతు

ఆ వీధి చివరి మేడకి చెడ్డపేరు పాటలతో వచ్చిందంటారు. చీకటి పడగానే లోపల స్టీరియో మొదలయ్యేది, కిటికీ అద్దాలు అదిరిపోయేలా. ఆ పాటల అడుగున... దబ్, దబ్‌మని దెబ్బలు. ఆ దెబ్బల అడుగున ఒక ఆడగొంతు.

ఎవరిదా గొంతు? కలప అడితి యజమాని మొదటి భార్యదే అనేవారు వీధివాళ్ళు. ఆవిడ ఆ ఇంట్లోనే మెట్ల మీంచి జారిపడి, తల పగిలి చనిపోయింది. ఏడాది తిరక్కుండా ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిల్ల పట్టుమని నెల కాపరం చెయ్యకుండా పుట్టింటికి పోయిందని ఆయనే చెప్పాడు. మరి ఒంటరి మగాడి ఇంట్లో ఆడగొంతేమిటి? ఇంకేముంది, దెయ్యమని తేల్చేశారు. పాట మొదలవగానే అందరూ కిటికీలు బిడాయించుకునేవారు.

అలాంటి ఇంటికి స్టీరియో మేస్త్రి వెళ్ళాల్సి వచ్చింది. పనిలో అతనికి వంక పెట్టలేం. దెయ్యాల మాటెత్తితే మాత్రం తన నీడ చూసి తానే జడుసుకునే రకం. వీధిలో అతని పేరు ఉలికిపాటు మేస్త్రి. చాటుగా కూడా కాదు, మొహాన్నే అనేవారు.

“స్టీరియోలో ఎడమ స్పీకరు పెట్టె పలకడం లేదు. ఇవాళ పాట మోగాల్సిందే,” అన్నాడు యజమాని, షాపు ముందు నిలబడి.

“చీకటి పడుతోందండీ... రేపు పొద్దున్నే—”

“ఇప్పుడే.”

ఆయన చెయ్యి మేస్త్రి భుజం మీద పడింది. దుంగలు దొర్లించిన చెయ్యి అది. మేస్త్రి సంచి తీసుకున్నాడు.

ఆ ఇంటి హాల్లో ఆంప్లిఫయరు, కుడి పెట్టె ఉన్నాయి. ఎడమ పెట్టె లోపలి గదిలో ఉంటుందట. ఆ గదికి తాళం. యజమానే తాళం తీసి, పెట్టె మోసుకొచ్చి హాల్లో దించి, మళ్ళీ తాళం వేశాడు.

“ఆ గది జోలికి పోకు. నీ పని నువ్వు చూసుకో.”

మేస్త్రి పెట్టె ముందు గుడ్డ విప్పాడు. లోపల అదిరి పాట పలికించే కాగితపు చక్రం అడ్డంగా చిరిగి ఉంది... ఏదో బరువైనది బలంగా తగిలినట్టు. గుడ్డ మీద ఎండిపోయిన మరక. ఆ మరకలో అతుక్కుని ఒక పొడుగాటి వెంట్రుక.

మేస్త్రి తాళం వేసిన గది వైపు చూశాడు. అయినా అడగలేదు. అడిగే ధైర్యమే ఉంటే ఉలికిపాటు మేస్త్రి ఎందుకవుతాడు! చిరుగు మీద పల్చటి కాగితం జిగురుతో అతికించి, ఆరాక గుడ్డ బిగించాడు. యజమాని పెట్టెను గదిలో పెట్టి, వైరు కొస తలుపు కిందనుంచి ఇవతలికి తోసి, తాళం వేసుకున్నాడు.

“స్నానం చేసొస్తా. ఈలోగా సౌండు చూడు. నేనొచ్చాక పాట పెట్టేసి నీ దారిన నువ్వు పో.”

మేస్త్రి ఒక్కడే మిగిలాడు. గది తలుపు మీదే ఓ కన్నేసి ఆంప్లిఫయరు వెనక తడుముకుంటూ వైరు తగిలించి, మీట నొక్కాడు.

కుడి పెట్టె గురగురలాడింది. తర్వాత... ఊపిరి.

“అన్నయ్యా...”

పాట లేదు. పెట్టెలో గొంతు మాత్రం ఉంది.

“నేను మెట్ల మీంచి పడలేదు, అన్నయ్యా...”

మేస్త్రి పై ప్రాణాలు పైనే పోయాయి. సంచి వదిలేసి గుమ్మం వైపు లగెత్తాడు. కాలికి వైరు తగిలి ఊడింది. గొంతు ఠక్కున ఆగిపోయింది.

గడప మీద అతనూ ఆగిపోయాడు.

వెనక్కొచ్చి చూశాడు. కంగారులో ఎడమ పెట్టె వైరును మైకు వైరుండాల్సిన చోట గుచ్చాడు! అలా గుచ్చితే పాట పాడే పెట్టే చెవి ఒగ్గి వింటుంది. ఆ కిటుకుతోనే అతను పాత పెట్టె ఒకటి పెట్టుకుని పక్కషాపు టైలరు కబుర్లన్నీ వినేవాడు. వైరు మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ ఊపిరి.

దెయ్యానికి వైరుతో పనేముంది? లోపల ఉన్నది ప్రాణమున్న మనిషి. పుట్టింటికి పోయిందన్న పిల్ల! ఆమె ఏడుపు ఎవరికీ వినబడకుండా చెయ్యడానికే తనని పిలిచారు. తన పనితనం మీద తనకే రోత పుట్టింది.

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగింది.

యజమాని బెల్టు పిడికిలికి చుట్టుకుంటూ వచ్చాడు. “అయిందా?”

“అ... అయిందండీ.”

“పెట్టు. గట్టిగా పెట్టి పో.” తాళం తీసి లోపలికెళ్ళి గడియ వేసుకున్నాడు.

మేస్త్రి పాట పెట్టలేదు. వీధివైపు కిటికీ తెరిచి, కుడి పెట్టెను అటు తిప్పి, సౌండు చివరికంటా పెంచాడు. పాట మొదలవలేదు గనక వీధిలో కిటికీలన్నీ ఇంకా తెరిచే ఉన్నాయి.

ఛెళ్ళున బెల్టు దెబ్బ వీధంతా మోగింది. ఇంకోటి. తల గోడకి కొట్టిన చప్పుడు. “దానికి పట్టిన గతే నీకూ పడుతుంది!” యజమాని గొంతు. దాని వెనకే ఆ ఆడగొంతు— “మెట్లు కాదు... వీడే... వీడే...”

తన మాట వీధిలోంచి తనకే వినబడేసరికి యజమాని బయటికి దూకాడు. మొదటి గుద్దుకే మేస్త్రి పన్ను ఊడింది. రెండో గుద్దుకి ముక్కు చితికింది. మేస్త్రి ఆంప్లిఫయరు మీద పడి, కోడి పిల్లల్ని పొదువుకున్నట్టు పొదువుకున్నాడు. యజమాని తలుపు అడ్డకర్ర అందుకుని మేస్త్రి భుజం మీద ఒక్కటి వేశాడు. ఎముక విరిగిన చప్పుడు మేస్త్రికే వినబడింది. అయినా వదల్లేదు.

వీధి తలుపు బద్దలైంది. అందరికంటే ముందు టైలరు, చేతిలో ఇస్త్రీపెట్టెతో. ఒక్క దెబ్బకి యజమాని దవడ పక్కకి తిరిగిపోయింది. మిగతా పని వీధి చేసింది. ఇన్నాళ్ళూ కిటికీలు మూసుకున్న సిగ్గంతా ఆ దెబ్బల్లో తీర్చుకుంది.

టైలరు గదిలోంచి ఆ పిల్లని ఎత్తుకొచ్చి హాల్లో కూర్చోబెట్టాడు. కన్ను వాచి మూసుకుపోయి ఉంది, చెయ్యి వేలాడుతోంది.

“భయం లేదు చెల్లీ,” అన్నాడు మేస్త్రి, నెత్తురు ఉమ్మేసి. “నువ్వు అన్నయ్యా అని పిలవబట్టే—”

టైలరు మాట్లాడవద్దన్నట్టు చెయ్యెత్తాడు. అప్పటికింకా ఆ పిల్ల తల వెనక ముడి విప్పుతూనే ఉన్నాడు. విప్పి, నోట్లో కుక్కిన గుడ్డ మెల్లగా లాగాడు. అది బయటికొస్తూనే ఉంది...

ఆ పిల్ల గుండెలనిండా ఊపిరి పీల్చి తల అడ్డంగా ఊపింది.

“నేను... పిలవలేదు. పొద్దుట్నించీ... నోట్లో గుడ్డే.”

అందరి చూపూ తెరిచి ఉన్న గది మీదికి పోయింది. అందరూ హాల్లోనే ఉన్నారు. లోపలి గది ఖాళీ.

కిటికీ దగ్గర కుడి పెట్టెలో మాత్రం... ఎవరో హమ్మయ్య అని ఊపిరి వదిలారు.