ఆపేసిన ఛార్జర్‌లో రెండు ఆంప్స్

పడవ సరిగ్గా ఏటి మధ్యలో ఆగిపోయింది. అందులో ఇరవై మంది ప్రయాణికులు, మూడు సైకిళ్ళు, చుక్కాని దగ్గర ఆమె. ఒడ్డున, ఆ పడవకి బ్యాటరీ బిగించిన నేను.

ఇంకో పడవ తాడు కట్టి లాక్కొచ్చింది. అందరూ దిగాక ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"బ్యాటరీ సార్, పొద్దున ఏమన్నారు?"

"పదహారు సెల్స్‌కీ మూడు పాయింట్ మూడు వోల్టులే, అన్నీ సమానం అన్నాను."

"మరి మమ్మల్ని ఇంకొకరు ఈడ్చుకు రావాల్సి వచ్చిందేం?"

నేను పడవెక్కి బ్యాటరీ పెట్టె దగ్గరికి నడిచాను. ఈలోగా పడవ యజమాని, అంటే వాళ్ళ నాన్న, ఒడ్డున పరదా కప్పి ఉంచిన పాత డీజిల్ ఇంజన్‌ని ప్రేమగా నిమిరారు.

"ఇది ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నన్ను ఏట్లో నిలబెట్టలేదమ్మా."

"ఆరుసార్లు నిలబెట్టింది నాన్నా. అందులో రెండుసార్లు నేనూ ఉన్నాను."

అసలు చిక్కు వేరే ఉంది. శుక్రవారం ఇన్‌స్పెక్టర్ వస్తాడు. పడవ ఆగకుండా అవతలి ఒడ్డుకు నాలుగుసార్లు వెళ్ళిరావాలి. ఆగిందా, పర్మిట్ రాదు. ఎలక్ట్రిక్ మోటారు పెడదామని తండ్రిని ఏడాది పాటు పోరి ఒప్పించింది ఆమే. ఓడిపోతే పరదా తీసి మళ్ళీ డీజిల్ బిగిస్తానని పెద్దాయన అప్పుడే చెప్పేశారు.

బ్యాటరీ పెట్టె తెరవగానే నా తప్పు నాకు తెలిసిపోయింది.

"ఈ రకం లిథియం సెల్ సగం నిండినా, ముప్పావు నిండినా మీటర్ ఇంచుమించు ఒకే అంకె చూపిస్తుందండీ. తేడా బయటపడేది పూర్తిగా నిండే చోటే. నేను మధ్యలో చూసి సమానం అనేశాను."

"అంటే సగం పేపర్ దిద్ది పాస్ చేశారన్నమాట!"

"అంతే. ఒక్క సెల్ ముందు నిండితే చాలు, ఛార్జింగ్ ఆగిపోతుంది. మిగతావి ఆకలితో ఉండిపోతాయి. ఏట్లోకి వెళ్ళాక వాటిలో ఒకటి ఖాళీ కాగానే పడవ ఆగుతుంది. కొత్త సెల్స్ కదా అని తొందరపడ్డాను. తప్పు నాదే."

ఆమె కోపం కాస్త తగ్గింది. "ఇకమీదట మీటర్ సరిగ్గా చూడకుండా నాకేమీ చెప్పకండి."

"ఒట్టు," అన్నాను.

ఆదివారం పొద్దున సెల్స్ అన్నీ బయటికి తీసి క్యాబిన్ నేల మీద వరసగా నిలబెట్టాను. ప్లస్‌లన్నీ కలిపి, మైనస్‌లన్నీ కలిపి రాగి పట్టీలు బిగించాను. ఇప్పుడు పదహారూ కలిసి ఒకే పెద్ద సెల్. ఛార్జర్‌ని మూడు పాయింట్ ఆరు ఐదు వోల్టుల దగ్గర పెట్టి స్విచ్ వేశాను.

"ఇప్పుడేం చెయ్యాలి?" అందామె.

"కూర్చోవాలి."

"ఎంతసేపు?"

"మూడు రోజులు. లోపలికెళ్ళే కరెంటు, అంటే ఆంప్స్, సున్నా దగ్గరికి దిగితే అన్నీ సమానంగా నిండినట్టు. అప్పుడు ఆపెయ్యాలి, లేకపోతే సెల్స్ ఉబ్బుతాయి."

"వోల్టేజ్ పెంచితే త్వరగా అవదూ?"

"అవుతుంది. సెల్స్ కూడా త్వరగా పోతాయి."

మొదటి రోజు మీటర్ నలభై ఆంప్స్ దగ్గర కదల్లేదు. ఆమె కూడా అంతే, మూలన కూర్చుని చిరిగిన పరదా కుట్టుకుంటూ నా వైపు చూడలేదు. రెండో రోజు వాన పట్టుకుంది. క్యాబిన్ కప్పు ఒకచోట కారుతుంటే సెల్స్‌కి కాక నాకు గొడుగు పట్టింది.

"సెల్స్ తడిస్తే ఎలా?" అన్నాను కంగారుగా.

"వాటి మీద కారట్లేదు. మీటర్ చూడరు సరే, కప్పు కూడా చూడరా?"

టీ ఇచ్చింది. వాన పడుతున్నంతసేపూ ఏదో కూనిరాగం తీసింది. శ్రుతి ఎక్కడా కలవలేదు. నాకు మాత్రం వాన ఆగకపోతే బాగుండుననిపించింది.

మంగళవారం ఆంప్స్ దిగడం మొదలైంది. మా మాటలు పెరిగాయి. సాయంత్రం నేను బయల్దేరేసరికి మీటర్ మీద ఆరు ఉంది.

బుధవారం వెళ్ళేసరికి ఆమె స్టూల్ మీద కూర్చుని ఉంది, తలస్నానం చేసిన జుట్టు ఇంకా తడిగానే ఉంది. నేను ఛార్జర్ వైపు వంగినట్టే వంగి లేచాను.

"ఇంకా రెండు ఆంప్స్ ఉన్నాయండీ. ఇవాళంతా కూర్చోవాల్సిందే."

"అలాగా?" చేయి చాపి చూపించింది. చేతిలో ఛార్జర్ ప్లగ్! "సున్నాకి దిగిందని నిన్న రాత్రి పడుకోబోయే ముందే నేను ఆపేశాను. ఆపేసిన ఛార్జర్‌లో రెండు ఆంప్స్ ఎక్కడ కనబడ్డాయి?"

మీటర్ మీద అసలు అంకే లేదు.

"మీటర్ చూడలేదు."

"మరి ఎటు చూశారు?"

"మీ వైపు." ఇక దాచి లాభం లేదు. "అయిపోయిందంటే రేపు బిగించి వెళ్ళిపోవాలి. నాకు వెళ్ళాలని లేదు. మీరంటే నాకు ఇష్టం."

ఆమె ప్లగ్ వైరు చుట్ట చుట్టి పక్కన పెట్టింది.

"బ్యాటరీ గురించి అబద్ధం చెప్పారు. అది నాకు నచ్చలేదు. శుక్రవారం పడవ ఆగకపోతే ఆ రెండో మాట నమ్ముతాను."

"ఆగితే?"

"డీజిల్ వాసన పీలుస్తూ ఒడ్డునే ఉండండి."

గురువారమంతా బిగించాను. ఒక్కో నట్టూ రెండుసార్లు చూశాను. ఒక్కో అంకెనీ ఆమె ఎదుటే పైకి చదివాను. నిండుగా ఉన్న చోట పదహారూ ఒక్క మాట మీద ఉన్నాయి.

శుక్రవారం ఇన్‌స్పెక్టర్ ముందు బెంచీ మీద కూర్చున్నాడు. మొదటిసారి వెళ్ళొచ్చాం. రెండోసారీ వెళ్ళొచ్చాం. మూడోసారి ఏటి మధ్యకి రాగానే నా కళ్ళు మీటర్‌కి అతుక్కుపోయాయి. ఆమె వెనక్కి తిరగలేదు, చేయి మాత్రం చుక్కాని మీద బిగుసుకుంది. పడవ చప్పుడు లేకుండా సాగిపోయింది. నాలుగోసారి తిరిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ కునికిపాట్లు పడుతున్నాడు. లేపి సంతకం పెట్టించుకున్నాం.

పెద్దాయన డీజిల్ ఇంజన్ మీది పరదా సర్ది, గట్టిగా ముడివేశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అబ్బాయ్, ఈ సెల్స్‌ని ఎన్నాళ్ళకోసారి చూసుకోవాలి?"

నాలుక చివరిదాకా వచ్చిన అబద్ధాన్ని మింగేశాను. ఒట్టు ఒకసారి తప్పింది చాలు.

"ఏడాదికోసారి చాలండీ."

"ఏడాదికోసారా?" పెద్దాయన మీసం కింద నవ్వు దాచుకోలేకపోయారు. "మా అమ్మాయి వారానికోసారైనా నువ్వొచ్చి చూడాలంటోందే! సరేలే, ఈసారి వచ్చేటప్పుడు మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా, పడవెక్కిద్దాం."

నేను ఆమె వైపు చూశాను. ఆమె అటు తిరిగి నిలబడి, ఒడ్డుకు కట్టేసి ఉన్న పడవకి చాలా శ్రద్ధగా చుక్కాని తిప్పుతోంది.