బేరమైపోయిన ఇల్లు

ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళు ఎక్కువగా ఆదివారమే వస్తారు. అందుకని ఆదివారం పొద్దున్నే జ్యోతిర్మయి హాల్లో ఫ్యాను రెక్కలు తుడిచేది. కిటికీలన్నీ బార్లా తీసి అగరొత్తి వెలిగించేది. సింకులో ఒక్క గిన్నె లేకుండా చూసుకునేది. బందరు గాలిలో ఉప్పుంటుంది కదా, ఎంత తుడిచినా వారం తిరిగేసరికి కిటికీ ఊచలు తుప్పు రంగు తేలతాయి. వాటికి నూనెగుడ్డ రాసేది. అంతా అయ్యాక డికాక్షన్ వేసి, పాలు కాచి, ఎవరో పరాయివాళ్ళు వచ్చి తన ఇంటికి వంకలు పెట్టడం కోసం ఎదురుచూస్తూ కూర్చునేది.

రామానాయుడుపేటలో ఆ మేడ ఆమే, ఆమె భర్త రాజకుమారూ దగ్గరుండి కట్టించుకున్నది. అంతకుముందు అక్కడ తుమ్మచెట్లూ, వానాకాలం నీళ్ళూ తప్ప మరేం లేవు. ఎవరి దగ్గరో కొన్న పాత ఇల్లు కాదు. ఆ గోడల మధ్య ఎవరూ పోలేదు కూడా. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. తర్వాత విన్నవాళ్ళంతా మొట్టమొదట అడిగింది అదే.

ఎందుకు అమ్ముతున్నారని అడిగినవాళ్ళకి "గుడివాడ వెళ్ళిపోతున్నామండీ" అని చెప్పేది. అది సగమే నిజం. గుడివాడలో ఉన్న అక్క విజయకుమారి దగ్గరికి వెళ్ళేది జ్యోతిర్మయి ఒక్కతే. రాజకుమార్ ఎక్కడికి వెళ్తాడో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. చిలకలపూడిలో అతని రోల్డుగోల్డు పని దెబ్బతిన్న రోజుల్లో మొదలైన గొడవలు, పని మళ్ళీ పుంజుకున్నా ఆగలేదు. చివరికి గొడవపడే ఓపిక కూడా పోయి మాటలే ఆగిపోయాయి. చాలా ఏళ్ళ తర్వాత ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది విడిపోవడం ఒక్కదాని మీదే. ఇల్లు అమ్మి చెరిసగం తీసుకుంటే గానీ ఎవరి బతుకు వాళ్ళు చూసుకోవడానికి లేదు. ఇల్లేమో అమ్ముడుపోదు. ఆమె కింద, అతను మేడమీద. ఒకే గేటు, రెండు గ్యాసు స్టవ్వులు. అతని పోపు వాసన మెట్ల మీదుగా కిందకి దిగినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది.

పోర్టు పనులు మొదలైనప్పుడు బందర్లో టీ కొట్టువాళ్ళు కూడా స్థలాల బేరాలు మాట్లాడారు. అప్పుడు అమ్మకానికి పెట్టి ఉంటే ఇట్టే అమ్ముడైపోయేది. కానీ అప్పట్లో వాళ్ళింకా రాజీ పడదామని చూస్తున్నారు. తీరా గేటుకి 'ఇల్లు అమ్మబడును' అని బోర్డు కట్టేసరికి ఊళ్ళో సగం గేట్లకి అదే బోర్డు.

"డబ్బంతా అమరావతి వైపు పోతోందమ్మా. ఇక్కడ అడిగేవాళ్ళే గానీ కొనేవాళ్ళు లేరు" అనేవాడు బ్రోకరు పిచ్చేశ్వరరావు.

అడిగేవాళ్ళకి మాత్రం తక్కువ లేదు. ఒకాయన ఫోన్లో దిక్సూచి పెట్టుకుని గదిగదికీ తిరిగి, మెట్లు ఉండాల్సిన చోట లేవని పెదవి విరిచాడు. ఒకావిడ వంటింటి అరల్ని శ్రద్ధగా ఫోటోలు తీసుకుంది. వాళ్ళు కట్టుకుంటున్న ఇంట్లో అలాంటివే చేయించుకోవడానికట. అందరూ కాఫీ తాగారు. అందరూ ఇల్లు బాగుందన్నారు. పెరటివైపున్న వెనక గది చూసొచ్చాక మాత్రం అదోలా ముఖం పెట్టి, "ఫోన్ చేస్తామండీ" అంటూ చెప్పులు వేసుకున్నారు. ఒక్కరూ చేయలేదు.

మేడ చూడటానికి వెళ్ళినవాళ్ళ దగ్గర రాజకుమారే ఏదో అని చెడగొడుతున్నాడని ఆమె అనుమానం. ఇంట్లోంచి కదలడం ఇష్టంలేక ఆమే విరగ్గొడుతోందని అతని అనుమానం.

దసరా వెళ్ళాక పిచ్చేశ్వరరావు ఫోన్ చేసి ఉన్నట్టుండి విసుక్కున్నాడు.

"అమ్మా, నేను ఎండనకా వాననకా పార్టీల్ని తీసుకొస్తుంటే, మీరు బేరం అయిపోయిందని చెప్పి పంపించేస్తే ఎలాగమ్మా?"

"ఎవరు చెప్పారండీ అలా?"

"మీ ఇంట్లో ఆవిడే. వెనక గదిలో ఉంటారుగా. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళందరికీ అదే చెప్తున్నారట. ఇల్లు మేం తీసేసుకున్నాం, కార్తీకంలో దిగుతున్నాం అని. కిటికీలకి కర్టెన్ల కొలతలు కూడా తీసుకుంటున్నారట. నాకు తెలీకుండా ఇంకో బ్రోకరుకి ఇచ్చారా?"

జ్యోతిర్మయి ఫోన్ పెట్టేసి వెనక గదిలోకి వెళ్ళి నిలబడింది. మడతమంచం. గోడకి ఆనించిన చాప. ఇంకేం లేవు. ఆ గదిలో ఎప్పుడూ ఎవరూ పడుకోలేదు.

తిన్నగా మేడెక్కింది. "ఎవత్తెను తీసుకొచ్చి పెట్టారు ఇంట్లో?"

రాజకుమార్ టీవీ చూస్తున్నవాడు తల తిప్పాడు. "నన్నడుగుతావేం? నీ చుట్టాలెవరో అయ్యుంటారు."

ఇద్దరూ కాసేపు అరుచుకున్నారు. చివరికి అతనే అన్నాడు: "ఈసారి ఎవరొచ్చినా నేను కిందే కూర్చుంటాను. నువ్వూ నా కళ్ళ ముందే కూర్చో. ఎవరు చెడగొడుతున్నారో తేలిపోతుంది."

అలా వచ్చిన పార్టీ జీవానందం గారిది. నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులున్నాయి. బందర్లో ఇల్లు కావాలని పట్టుబట్టింది ఆయన భార్య. వాయుగుండం పట్టి రెండ్రోజులుగా ఒకటే ముసురు. అయినా మాటిచ్చాం కదా అని కారేసుకుని, పిచ్చేశ్వరరావుని వెంటబెట్టుకుని సాయంత్రం వేళకి వచ్చారు. వాళ్ళు రాకముందే రాజకుమార్ వెనక గదంతా చూసి, మంచం కింద కూడా వంగి చూసి, పెరటి తలుపుకి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు. తర్వాత హాల్లో ఆమెకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒకే గదిలో అలా కూర్చుని ఎన్నాళ్ళయిందో. అతని చెవి దగ్గర జుట్టు నెరిసిందని ఆమె అప్పుడే చూసింది.

కాఫీలు అవుతుండగా కరెంటు పోయింది.

"నేను చూసొస్తానండీ, మీరు కూర్చోండి" అంటూ జీవానందం గారి భార్య ఫోన్లో లైటు వేసుకుని లోపలికి వెళ్ళింది. అడుగుల చప్పుడు వంటింట్లోకి, అక్కణ్ణుంచి నడవలోకి, వెనక గది వైపుకి. గుమ్మం దగ్గర ఆగింది.

"అయ్యో... మీరిక్కడ ఉన్నారని తెలీదండీ" అంది.

హాల్లో ఎవరూ కదల్లేదు. బయట వాన.

"ఆఁ... అవునా?"

వాన చప్పుడు.

"మాకెవరూ చెప్పలేదండీ మరి..."

మళ్ళీ వానే. ఆవిడ ఆగిన చోటల్లా అవతల ఎవరో మాట్లాడుతున్నంత సేపే ఆగుతోంది. ఒకసారి చిన్నగా నవ్వింది కూడా. "పోనీలెండి, మీకైనా కలిసిరావాలి" అంది.

బయటికి వచ్చి కూర్చోలేదు. "ఏవండీ, పదండి. ఆవిడ తీసేసుకున్నారట."

జీవానందం గారు లేచి పిచ్చేశ్వరరావుని పట్టుకుని దులిపేశారు. ఇంత వానలో ఏరు దాటించి తీసుకొచ్చి ఆటలాడిస్తావా అన్నారు. పిచ్చేశ్వరరావు ఇంటివాళ్ళ వైపు ఒక చూపు చూసి, నమస్కారం కూడా పెట్టకుండా వెళ్ళిపోయాడు. కారు సందు దాటాక రాజకుమార్ టార్చి తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి వచ్చాడు. పెరటి తలుపు తాళం వేసినట్టే ఉంది.

"బాగా నేర్పావు ఆవిడకి. నాటకాల్లో వేయించొచ్చు" అన్నాడు.

"నేనా? ఆవిణ్ణి ఇవాళే చూశాను!"

అతను వినిపించుకోలేదు. మెట్లెక్కి తలుపు దడాల్న వేసుకున్నాడు.

జ్యోతిర్మయి చీకట్లో అలాగే కూర్చుంది. ఏడుపు రాలేదు. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. వెనక గదిలో కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుంటే, జల్లు లోపలికి వస్తుందని లేచింది. కొవ్వొత్తి వెలిగించుకుని నడవలోకి వెళ్ళింది.

గుమ్మం దగ్గరే వాసన తగిలింది. కొత్త గుడ్డ వాసన. మడత విప్పని చీర నుంచి వచ్చే గంజి వాసన. తలంటుకున్న జుట్టుకి పట్టిన సాంబ్రాణి వాసన... ఇంట్లో సాంబ్రాణి వేసి ఎన్నాళ్ళో అయింది.

కిటికీ మూద్దామని చెయ్యి చాపింది.

"జానెడు... రెండు జానలు... మూడు..."

గుసగుస. చెవి పక్కనే కాదు. కిటికీకి ఎదుటి గోడ దగ్గర. వేళ్ళతో గోడ మీద కొలుస్తున్న మెత్తటి చప్పుడు... ఆగింది.

కొవ్వొత్తి ఎత్తి చూసింది. గోడ. గోడే ఉంది.

"ఎవరు?" అంది.

"కంగారుపడకండి..." ఎంతో మర్యాదగా ఉంది ఆ గొంతు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల పొరుగింటి పెద్దావిడతో మాట్లాడినట్టు. "ఎప్పుడు ఖాళీ చేస్తున్నారండీ?"

జ్యోతిర్మయి కొవ్వొత్తిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇది... మా ఇల్లు..."

"అవునండీ. బాగా కట్టుకున్నారు." తర్వాత, ఇంకా దగ్గరగా... "మీ వీలు చూసుకునే వెళ్ళండి. తొందరేం లేదు."

"మీకెవరు... ఎవరిచ్చారు?"

"ఆయనే. మేడమీద ఉంటారుగా..."

కొవ్వొత్తి ఆరిపోలేదు. అదే ఆమెకి తర్వాత తలుచుకున్నప్పుడల్లా భయం. మంట నిటారుగా, కొంచెం కూడా ఊగకుండా నిలబడింది. బయట అంత గాలి వీస్తుంటే... కిటికీ తెరిచి ఉంటే...

మెట్లు ఎలా ఎక్కిందో తెలీదు. తలుపు బాదింది. రాజకుమార్ తీసి ఆమె ముఖం చూసి వెనక్కి తగ్గాడు.

"ఎవరికిచ్చారు? ఇల్లు ఎవరికిచ్చారు మీరు?"

"ఎవరికిస్తాను? తీసుకునేవాడెవడు?" అని కసిరి, అంతలోనే ఆగిపోయాడు. మంచం అంచున కూర్చున్నాడు. నెమ్మదిగా అన్నాడు. "వేసవిలో ఒకరోజు మోటారు స్విచ్చి కోసం కిందకొచ్చాను. ఆవేళే పార్టీ ఒకటి తప్పిపోయింది. విసుగొచ్చి, ఎవరైనా సరే వచ్చి ఉండండి రా బాబూ, ఇచ్చేస్తాను అన్నాను గట్టిగా. వెనక గదిలోంచి 'సరేనండీ' అని వినిపించింది."

"అప్పుడే చెప్పలేదేం?"

"నువ్వనుకున్నాను." నేలకేసి చూశాడు. "ఎన్నాళ్ళకో నా మాటకి సరే అన్నావనుకున్నాను."

తెల్లవారే వరకు ఇద్దరూ మేడమీదే కూర్చున్నారు. పొద్దున్నే ఆమె బట్టలు సర్దుకుంది. "మీరూ రండి. అక్క ఏమీ అనుకోదు" అంది. ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో అతనికి తెలియదు.

అతను గేటు దాకా సంచీ మోశాడు. "ఖాళీగా పెడితే ఇంకా రేటు పడిపోతుంది జ్యోతీ. ఎవరో ఒకరు ఉండాలి" అన్నాడు.

ఆటో కదిలాక ఆమె వెనక్కి చూడలేదు.

గుడివాడ వెళ్ళిన కొత్తలో రోజూ ఫోన్ చేసేది. అతను మొదట్లో ముక్తసరిగా, బాగానే ఉన్నాననేవాడు. ఏమైనా వినపడుతోందా అంటే లేదనేవాడు. కొన్నాళ్ళకి అతని గొంతు మారింది. తీరిగ్గా, తిని కూర్చున్న మనిషిలా మాట్లాడేవాడు. ఒకసారి మాట మధ్యలో ఫోన్ పక్కకి పెట్టి "వస్తున్నా, వడ్డించు" అన్నాడు. ఎవరితోనని అడిగితే టీవీ అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. వెళ్ళి చూద్దామని విజయకుమారి అంటే, జ్యోతిర్మయి బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది.

కార్తీకం వెళ్ళిపోయింది. చలి మొదలయ్యాక పిచ్చేశ్వరరావు ఫోన్ చేశాడు. ఈసారి మాట మెత్తగా ఉంది.

"అమ్మా, పోర్టులో పెద్ద ఇంజినీరుట. రేటు అడక్కుండా తీసుకుంటానంటే మీ ఇంటికి తీసుకెళ్ళాను. మీ సారు గేటు కూడా తియ్యలేదు. మేం అమ్మడం లేదండీ అన్నారు. 'మేం' అంటే ఎవరండీ, అమ్మగారు గుడివాడలో ఉన్నారుగా అన్నాను. నవ్వి లోపలికి వెళ్ళిపోయారు. ఇన్నాళ్ళూ లేని పార్టీ ఇప్పుడొస్తే ఇలాగా?"

జ్యోతిర్మయికి ముందు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. తన సగం ఇల్లు. తన చేతులతో నీళ్ళు పోసి తడిపిన గోడలు. వెంటనే రాజకుమార్‌కి ఫోన్ చేసింది. ఈసారి ఎత్తాడు.

"హలో, ఎవరండీ?"

"నేనే."

"నేనంటే?" ఎగతాళి కాదు. నిజంగానే తెలియనట్టు అడిగాడు. "ఇల్లు కోసమైతే బోర్డు తీసేశామండీ. ఏమీ అనుకోకండి."

"ఏవండీ... నేను జ్యోతిర్మయిని..."

ఫోన్ ఎక్కడో బల్ల మీద పెట్టిన చప్పుడైంది. చెప్పులు లేని అడుగులు దూరంగా వెళ్ళాయి. కానీ ఫోన్ పెట్టేయలేదు. ఆమె చెవికి గట్టిగా అదిమి పెట్టుకుంది.

దూరంగా, ఇంటి లోపల ఎక్కడో, ఎవరో ఎక్కం వల్లె వేస్తున్నారు. చిన్న గొంతు. "రెండు మూళ్ళు ఆరు... రెండు నాలుగులు ఎనిమిది..."

వాళ్ళకి పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఎప్పుడూ పిల్లల్లేరు.

ఎక్కం ఆగింది. చిన్న అడుగులు పరుగెత్తుకుంటూ ఫోన్ దగ్గరికి వచ్చాయి. ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"అమ్మా," అని వెనక్కి తిరిగి కేకేసింది ఆ గొంతు. "పెద్దమ్మ ఇంకా ఫోన్లోనే ఉంది."